నల్ల ఇసుకలో అత్తాకోడళ్ళు

అత్తగారికి మెటల్ డిటెక్టర్ అంటే పంచప్రాణాలు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆవిడ ఒక షాపింగ్ మాల్ గేటు దగ్గర, ఆడవాళ్ళ వరసలో, చేతిలో చిన్న డిటెక్టర్ పట్టుకుని నిలబడింది. బీప్ వింటే చాలు, జేబులో ఉన్నది తాళంచెవా, జడపిన్నా, బెల్టు బకిలా అన్నది చూడకుండానే చెప్పేసేది. "తాళాలే, పో పో" అని ఎంతమందిని లోపలికి తోలిందో ఆవిడకే తెలియదు. రిటైరయ్యాక ఆ వయసువాళ్ళు మోకాళ్ళ నొప్పులకి డాక్టర్ల చుట్టూ తిరుగుతారు. ఈవిడ మాత్రం పొడుగు కర్రకి కింద చక్రం ఉండే డిటెక్టర్ ఒకటి కొనుక్కుని సముద్రపు ఒడ్డున తిరగడం మొదలుపెట్టింది. వీధిలో వాళ్ళు వెనకాల "బీపమ్మ" అంటారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు, తెలిసి లోలోపల మురిసిపోతుంది కూడా.

కోడలు వేరే రకం మనిషి. ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం, మాట్లాడేది తక్కువ. చిన్నప్పుడు విషజ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయి. పెద్దయ్యాక ఒక చెవికి ఆపరేషన్ చేసి లోపల ఏదో అమర్చారు. బయట కనిపించేది చెవి వెనక తగిలించుకునే చిన్న మిషను, దానికో తీగ, ఆ తీగ చివర అయస్కాంతంతో తలకి అతుక్కునే బిళ్ళ. అది ఉంటే, ఎదురుగా నిలబడి నిదానంగా మాట్లాడేవాళ్ళ మాట బాగానే అందుతుంది. అది తీస్తే పక్కన పిడుగు పడినా తెలియదు.

అత్తాకోడళ్ళకి గొడవలేమీ లేవు. గొడవ పడాలన్నా ఒకరి మాట ఒకరికి అందాలి కదా! అత్తగారు మాట మొదలుపెడితే మధ్యలో ఆగడమంటూ ఉండదు, అదీ వంటింట్లో కుళాయి తిప్పేసి, వీపు ఇటు పెట్టి. "ఏమన్నారత్తయ్యా?" అని కోడలు అడిగితే రెండోసారి చెప్పే ఓపిక లేక "ఏం లేదులే" అనేసేది. ఆ మాట ఎక్కడ గుచ్చుకుంటుందో ఆవిడ ఎప్పుడూ ఆలోచించలేదు. మనసులో చెడు లేదు కనుక తను చేసేదంతా మంచే అనుకునే రకం.

ఆ ఆదివారం మధ్యాహ్నం కొడుకు ఇద్దర్నీ కారులో సముద్రానికి తీసుకొచ్చాడు. ఇసుకలో గొడుగు పాతి, దాని కింద టోపీ ముఖం మీద వేసుకుని గుర్రు పెట్టాడు. ఆ రోజుకి అతని సంసార బాధ్యత అయిపోయింది. అత్తగారు డిటెక్టర్ భుజాన వేసుకుని కోడల్ని వెంటబెట్టుకుని బయల్దేరింది. ఇంతకాలానికి వినేవాళ్ళు దొరికారన్న సంబరం ఆవిడ నడకలోనే తెలుస్తోంది.

"తెలియనివాళ్ళు ఒడ్డంతా ఒకటే ఇసుక అనుకుంటారమ్మా. ఇదిగో, ఈ పైన పొడి ఇసుక మీద మిషను మహా బుద్ధిమంతురాలు. సెన్సిటివిటీ ఎంత పెంచినా కిక్కురుమనదు. ఎంత పెంచితే అంత లోతుది చెప్తుంది. అదే ఆ కింద తడి ఇసుకలో ఉప్పు తగిలిందా, ఇక దీనికి ఒళ్ళు తెలియదు, ఏమీ లేకపోయినా ఒకటే అరుపు. అక్కడ బీచ్ మోడ్ పెట్టాలి, సెన్సిటివిటీ కాస్త తగ్గించాలి, చక్రాన్ని నేల మీద పైకీ కిందకీ ఆడించి 'ఇది ఉత్త నేల, దీన్ని పట్టించుకోకు' అని నేర్పాలి. గ్రౌండ్ బ్యాలెన్స్ అంటే అదే. ఇక ఆ రాళ్ళ దగ్గర నల్ల ఇసుక ఉంది చూశావూ, అందులో ఉన్నదంతా ఇనుప రజను. అక్కడ నేర్పిందంతా మళ్ళీ మొదటినుంచి నేర్పాలి..."

పొడి ఇసుక మీదనుంచి తడి ఇసుకకి, తడి ఇసుక వెంబడి రాళ్ళదాకా, రాళ్ళ దగ్గర నల్ల ఇసుకలో రెండు చుట్లు. కోడలు ఆగాల్సిన చోట ఆగింది, తల ఊపాల్సిన చోట ఊపింది. మధ్యలో ఒకసారి వంగి గవ్వ ఏరుకుంది. ఇంత శ్రద్ధగా తన మాట కన్నకొడుకు కూడా వినలేదని అత్తగారు ఉబ్బి తబ్బిబ్బయింది.

గొడుగు దగ్గరికి తిరిగొచ్చాక కోడలు చొక్కా జేబులో చెయ్యి పెట్టింది. రెండో జేబులో పెట్టింది. రెండు జేబులూ బయటికి లాగి చూసింది.

"నా మిషను పోయింది!"

తన గొంతు తనకి వినపడదు కనుక ఆ కేక ఒడ్డంతా వినపడింది. కొడుకు టోపీ విసిరేసి లేచాడు. "చెవి మీదిదా? ఎక్కడ ఊడింది?" అని ఆమె ముఖానికి ఎదురుగా వచ్చి అడిగాడు. పెదాలు చూసి మాట పట్టుకోవడం ఆమెకి అలవాటే.

"ఊడలేదు! నేనే తీసి జేబులో పెట్టుకున్నాను! అత్తయ్య సెట్టింగుల గురించి చెప్తున్నప్పుడు!"

పక్క గొడుగు కింద కూర్చున్నవాళ్ళు నవ్వు దాచుకోవడానికి నీళ్ళసీసా ఎత్తిపట్టారు. "అయితే నేను చెప్పిందాంట్లో ఒక్క ముక్కా వినలేదా?" అంది అత్తగారు.

"గాలి హోరూ, అలల హోరూ, మీ మాటా అన్నీ కలిసి తలలో రంపం పెట్టి కోసినట్టుంది అత్తయ్యా. కాసేపు తీస్తే బాగుంటుందనిపించింది. మీరు బాధపడతారని తల ఊపుతూ వచ్చాను."

ఇంకో రోజయితే అత్తగారు ఒంటికాలి మీద లేచేది. కానీ కోడలు భుజాన సంచిలో వస్తువులన్నీ తీసి తీసి మళ్ళీ వెతుకుతోంది. ఆ మిషను దుకాణానికి వెళ్ళి కొనుక్కొచ్చే వస్తువు కాదు. కొత్తదానికి అర్జీ పెట్టాలి, వచ్చాక నెలల తరబడి ఆసుపత్రి చుట్టూ తిరిగి దాన్ని ఆమె చెవికి కుదిర్చుకోవాలి. అప్పటిదాకా ఆమెకి ఈ లోకంలో చప్పుడే లేదు. ల్యాబులో యంత్రం ఆగి అరిచినా వినపడదు, మొగుడు పిలిచినా వినపడదు. పైగా పొద్దు వాలుతోంది, పోటు మొదలైంది. చీకటి పడేలోపు నీళ్ళు రాళ్ళదాకా వచ్చేస్తాయి. ఉప్పునీళ్ళలో నానితే ఆ మిషను తర్వాత దొరికీ ప్రయోజనం లేదు.

"ఇంత ఒడ్డులో ఎక్కడని వెతుకుతావమ్మా," అన్నాడు కొడుకు దిగాలుగా. "కొత్తదానికి అర్జీ పెట్టేద్దాం."

"నువ్వు ఆ కారు సీట్ల కింద చూసిరా నాయనా. తర్వాత ఈ గొడుగు చుట్టూ ఇసుక జల్లించు. మిగతాది నాకొదిలెయ్," అంది అత్తగారు చెంగు బిగిస్తూ. బీపమ్మ ఉండగా కోడలి వస్తువు పోవడమా!

నడిచిన దారినే మళ్ళీ నడిచారు. పొడి ఇసుక మీద సెన్సిటివిటీ పైకి, చక్రం నేలకి ఆనీ ఆనకుండా, అడుగు మీద అడుగు. ఓ నాణెం, ఓ అల్యూమినియం రేకు ముక్క, ఓ చెవిపోగు. తడి ఇసుకకి రాగానే బీచ్ మోడ్, చక్రం పైకీ కిందకీ, సెన్సిటివిటీ రెండు మెట్లు కిందకి. ఇంకో రేకు ముక్క. నల్ల ఇసుకలో మళ్ళీ బ్యాలెన్స్ చేసుకుని, చేతిని నత్తనడక నడిపించింది. అక్కడ మిషను అసలు నోరే విప్పలేదు. ఎంత చక్కగా కుదిర్చానా అని ఒక క్షణం గర్వపడింది కూడా. రెండోసారి తిరిగినా అదే నిశ్శబ్దం. నురుగు కిందటిసారి కంటే పైకొచ్చి పాదాలు తడిపింది. అత్తగారు పరువు సంగతి ఎప్పుడో మర్చిపోయింది. ఈ పిల్ల రేపు పొద్దున లేచి వంటింటి గుమ్మంలో నిలబడి తన పెదాల వంక బిక్కుబిక్కుమంటూ చూస్తుందన్న తలపు ఒక్కటే ఆవిడని కుదిపేస్తోంది.

కోడలు వచ్చి ఆవిడ దారికి అడ్డంగా నిలబడింది. భుజాన ఉన్న సంచిలోంచి చిన్న డబ్బా తీసి, అందులోంచి వేలి గోరంత బ్యాటరీ ఒకటి బయటికి తీసింది.

"అత్తయ్యా, మా ల్యాబులో పొద్దున్నే వెళ్ళి రోగుల రక్తం పెట్టెయ్యం. ఫలితం ముందే తెలిసిన శాంపిల్ ఒకటి పెట్టి చూస్తాం. మెషిను దాన్ని సరిగ్గా చెప్తేనే మిగతావి. ఇది నా మిషనులో ఉన్నదానికి జోడీ బ్యాటరీ. ముందు దీన్ని చెప్తుందేమో చూద్దాం."

బ్యాటరీని నల్ల ఇసుక మీద పెట్టింది. అత్తగారు చక్రాన్ని దాని మీదుగా పోనిచ్చింది. చప్పుడు లేదు. వెనక్కి తెచ్చింది. చప్పుడు లేదు. కళ్ళెదురుగా, ఇసుక పైన తళతళలాడుతున్న వస్తువు మీద మిషను ఏమీ ఎరగనట్టు పోయింది.

అత్తగారికి విషయం అర్థమైంది. ఇనుము వస్తే పలకవద్దని మిషనుకి చెప్పే సెట్టింగు ఒకటుంది. దానికి ఆవిడ పెట్టుకున్న పేరు నోరుమూత. తుప్పు మేకులూ సీసా మూతలూ తవ్వి తవ్వి తల ప్రాణం తోకకొచ్చి, మిషను కొన్న కొత్తలోనే దాన్ని చివరిదాకా పెంచేసింది. మళ్ళీ దాని జోలికి పోలేదు. ఇసుకని బట్టి మిగతావన్నీ మారుస్తుంది, అదొక్కటీ మార్చదు. ఈ బ్యాటరీకి పైన తొడుగు ఉక్కుది. పోయిన మిషనులో ఉన్నదీ అదే బ్యాటరీ. ఇందాకటినుంచి ఈ చక్రం దాని మీదుగా ఎన్నిసార్లు పోయిందో, ఎన్నిసార్లు పలకబోయి ఊరుకుందో!

"నా బుద్ధి గడ్డి తిన్నది," అని తల కొట్టుకుంది.

"ఏమన్నారత్తయ్యా?"

"ఏం లే..." అనబోయి ఆగింది. కోడలి ముఖంలోకి చూసింది. ఆ రెండు కళ్ళూ తన నోటినే పట్టుకుని వేలాడుతున్నాయి. అత్తగారు డిటెక్టర్ కింద పెట్టి, ఎదురుగా నిలబడి, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది. "ఇనుము వద్దని పెట్టాను. నీ బ్యాటరీ ఇనుమే. తప్పు నాది. మళ్ళీ వెతుకుదాం."

నోరుమూత తీసెయ్యగానే నల్ల ఇసుక మీద మిషను చేసిన గోల అంతా ఇంతా కాదు. రజనుకి అరిచింది, రాళ్ళకి అరిచింది, ఏమీ లేనిచోట ఇంకా గట్టిగా అరిచింది. అత్తగారు ఒక నిమిషం ఆలోచనలో పడింది. ఆవిడకి లోతు పిచ్చి. జానెడు లోతున ఉన్న నాణెం తీశానని పదిమందికీ చెప్పుకోవాలి, అందుకే సెన్సిటివిటీ ఎప్పుడూ మిషను భరించగలిగినంత ఎత్తులో ఉంచుతుంది. ఇవాళ ఆ లోతుతో పనేముంది?

మళ్ళీ కోడలికి ఎదురుగా వచ్చింది. "పడింది ఇవాళే. పైపైనే ఉంటుంది. లోతు మనకొద్దు." అంటూ సెన్సిటివిటీని ఎన్నడూ లేనంత కిందకి దించింది. గోల చాలావరకు అణిగింది. బ్యాటరీ మీద చక్రం ఆడిస్తే ఈసారి "టుక్" అని పొట్టిగా పలికింది. కింద ఉన్నది ఏ లోహమో చెప్పే అంకె కూడా తెర మీద వచ్చింది. కోడలు ఆ అంకెని గుర్తుపెట్టుకుంది. సెట్టింగుల గురించి ఇంత తక్కువ మాటల్లో చెప్పడం అత్తగారికి పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. అవతలి మనిషికి అర్థం కావడమూ అదే మొదలు.

నీళ్ళు ముందు మింగేది తడి ఇసుకని కనుక దాన్ని ముందు వెతికారు. అక్కడ లేదు. రాళ్ళ వైపు తిరిగారు. ఇప్పుడు మిషను ప్రతి మేకుకీ ప్రతి మూతకీ పలుకుతోంది. అత్తగారు "చెత్త" అంటుంది, ముందుకి పోతుంది. "మూత" అంటుంది, పోతుంది. తెరనే చూస్తూ నడుస్తున్న కోడలు చటుక్కున ఆవిడ మోచెయ్యి పట్టుకుంది.

"అంకె దగ్గర్లోనే ఉంది. తవ్వండి."

"అది మేకు తల్లీ. మోతలోనే తెలుస్తోంది."

"తవ్వండత్తయ్యా."

తవ్వితే తుప్పు పట్టిన మేకే. చూశావా అన్నట్టు అత్తగారు కళ్ళెగరేసింది.

"ఇప్పుడు మేకు అని తెలిసింది," అంది కోడలు తొణక్కుండా.

అత్తగారు మిషనుకి నోరుమూత తీసింది సరే, తన చెవికి తీసిందెక్కడ? ఏళ్ళ తరబడి గేటు దగ్గర "తాళాలే, పో పో" అని తోలిన చెవి అది. నచ్చని మోత వినగానే తనకి తెలియకుండానే కాలు ముందుకి పడిపోతోంది. పైగా ప్రతిదానికీ మిషను కింద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, తవ్వి, లేచి, మళ్ళీ అందుకునేసరికి అలలు ఇంకాస్త దగ్గరికి జరుగుతున్నాయి. ఒకరు చక్రం తిప్పి ఇంకొకరు తవ్వితే సగం సమయం కలిసొస్తుంది. తవ్వితే వచ్చేది మేకో మూతో తవ్వాకే చెప్పే మనిషి చక్రం తిప్పడమే మంచిది.

డిటెక్టర్ తీసి కోడలి చేతికిచ్చింది. కోడలు తన చెవి చూపించి చెయ్యి అడ్డంగా ఊపింది. అత్తగారు తెర మీద ఇంకో బొమ్మ నొక్కింది. అది వైబ్రేషన్. నీళ్ళలో మునిగి వెతికేవాళ్ళకి గానీ నాకెందుకని ఎప్పుడో ఆపేసి ఉంచింది. కోడలు చక్రాన్ని బ్యాటరీ మీదుగా తిప్పగానే పిడి అరచేతిలో జలదరించింది. సాయంత్రం మొత్తంలో ఆమె ముఖంలో నవ్వు కనపడింది అప్పుడే.

ఇక ఇద్దరూ వరస పెట్టారు. కోడలు ఆగిన చోటల్లా అత్తగారు మారుమాట్లాడకుండా, నడుముకి వేలాడదీసుకున్న, ఇసుక జారిపోయే చిల్లుల పారతో తవ్వింది. మూత. మేకు. మడతబందు. మళ్ళీ మూత. మోకాళ్ళు బాబోయ్ అంటున్నా పైకి అనలేదు. ఒక అల వచ్చి పెద్ద రాయి అడుగున కొట్టుకుని వెనక్కి పోయింది.

ఆ రాయికి ఈ పక్కన కోడలు ఆగిపోయింది. చక్రాన్ని ముందుకీ వెనక్కీ నెమ్మదిగా తిప్పింది. "బలంగా లేదత్తయ్యా. సన్నగా, పక్కపక్కనే రెండుసార్లు తగులుతోంది."

అత్తగారికీ ఆ మోత వినపడుతూనే ఉంది. బలమూ నిలకడా లేని మోత. చక్రం తన చేతిలో ఉంటే చెత్తలో చెత్త అని దాటిపోయి ఉండేది, అందులో అనుమానం లేదు. పార పక్కన పడేసి వేళ్ళతో ఇసుక తోసింది. తల వెంట్రుకకంటే కాస్త లావుగా నల్లటి తీగ బయటపడింది. దాని ఒక చివర మిషను, ఇంకో చివర బిళ్ళ. బిళ్ళ నిండా గడ్డం మొలిచినట్టు నల్ల రజను అంటుకుని ఉంది.

"దొరికిందే తల్లీ!"

ఆ కేక వినపడనిది ఒక్క కోడలికే. కానీ ఆమె అప్పటికే చూసింది. అంతకంటే ముందు అత్తగారు చూసింది, రాయి పక్కనుంచి పొంగి వస్తున్న అలని. లేచే వ్యవధి లేదు. వీపు సముద్రానికి తిప్పి ఉన్నచోటనే చతికిలబడి, మిషను ఉన్న పిడికిలిని తల పైకి ఎత్తేసింది. అల వచ్చి నడుందాకా తడిపి, చెప్పు ఒకటి పట్టుకుపోయింది. పిడికిలి మాత్రం పొడిగానే ఉంది.

కోడలు దాన్ని అందుకుని పొడి ఇసుక మీదకి పరిగెత్తింది. సంచిలోంచి మెత్తటి గుడ్డ తీసి, రజను తుడిచి, లోపలి బ్యాటరీ ఊడదీసి, సందులన్నీ నోటితో ఊదడం మొదలుపెట్టింది. ఆ పని చూస్తూ నిలబడే ధైర్యం అత్తగారికి లేకపోయింది. ఒకవేళ పని చెయ్యకపోతే ఆ ముఖం చూడలేదు. తవ్విన గుంతలు పూడ్చాలన్నది ఆవిడ ఎన్నడూ తప్పని నియమం, ఎవరి కాలైనా మడతపడితే ఆ పాపం తనదే. అదే వంకన అటు తిరిగి, ఒంటిచెప్పుతో, ఓ గుంత పక్కన కూలబడి ఇసుక తోయసాగింది. చేతులు పని చేస్తుంటే నోరు ఊరుకోదు కదా.

"దొరక్కపోయుంటే ఏ ముఖం పెట్టుకుని ఆ పిల్ల ఎదట తిరిగేదాన్ని? బంగారంలాంటి పిల్ల. ఇంట్లో అది నవ్వితే నా కడుపు నిండిపోతుంది. ఆ ముక్క ఒక్కనాడైనా చెప్పానా? చెప్పను. సెట్టింగులు చెప్తాను. పొద్దస్తమానం చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతుంటే తీసి జేబులో పెట్టుకోదూ! నేనైనా పెట్టుకుంటాను. దేవుడా, దానికి వినపడేట్టు చెయ్యి చాలు, ఇంకేమీ అడగను..."

"అత్తయ్యా."

ఆ గొంతు పెద్దగా లేదు. వెనక రెండడుగుల దూరంలోంచి, పక్కనున్న మనిషిని పిలిచినంత నెమ్మదిగా ఉంది. అత్తగారి చేతులు ఆగిపోయాయి. తిరిగి చూసింది. కోడలి చెవి వెనక పచ్చటి దీపం చుక్క వెలుగుతోంది.

"ఎప్పటినుంచి వింటున్నావు?"

"'బంగారంలాంటి పిల్ల' దగ్గర్నుంచి."

అత్తగారి ముఖం జేవురించింది, సంతోషంతో కళ్ళు చెమ్మగిల్లాయి. దూరంగా కొడుకు గొడుగు కింద ఇసుక జల్లిస్తూనే ఉన్నాడు, అతనికి సంగతి చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఆవిడ తడిచేత్తో ముఖం తుడుచుకోబోయి ఇంత ఇసుక పూసుకుంది.

"విన్నది చాల్లే. కూర్చో," అంది పక్కన చోటు చూపిస్తూ. "ఆ పెద్ద గుంత నువ్వు పూడ్చు."